హద్దు గీసి నదిని గెలిచినవాడు – కాటన్ దొర

ఏ పనికైనా ముందు హద్దు తేల్చుకోవాలి. గట్టు లేని చేలో నీళ్ళు నిలవవు, హద్దు లేని పని తెమలదు. మాలాంటి రైతుబిడ్డలకి ఇది పుస్తకాలు చెప్పక్కర్లేదు. ఈ సూత్రాన్ని గోదావరి అంతటి నది మీద ఆచరించి చూపిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్. మా ఇళ్ళల్లో ఇప్పటికీ ఆయన కాటన్ దొరే.

1803లో ఇంగ్లండులో పుట్టిన కాటన్ 1821లో మద్రాసు చేరి ఇంజనీరుగా కొలువు చేశారు. 1836లో కొల్లడం నది మీద ఆనకట్ట కట్టి తంజావూరు రైతుల నీటి బాధ తీర్చారు. రాతి పునాది దొరకని ఇసుక నదిలో గోడ ఎలా నిలుస్తుందో ఆయనకి నేర్పింది ఏ సీమ కళాశాలా కాదు, చోళుల నాటి కల్లణై!

ఆనాటి గోదావరి జిల్లా బతుకు దుర్భరం. 1832-33 నందన కరువు, 1839 తుపాను ఊళ్ళకి ఊళ్ళనే ఊడ్చిపెట్టాయి. పక్కన నిండు నది, ఒడ్డున ఆకలి చావులు! 1844లో కాటన్ నదిని పరిశీలించి నివేదిక రాశారు. ఆయన గొప్పతనమంతా అందులోనే ఉందని నా నమ్మకం. నదిని మొత్తం ఆపాలనుకోలేదు. వరద గోడ మీంచి దొర్లిపోవాలి, నది తగ్గినప్పుడు నీళ్ళు కాలువల్లోకి ఎక్కాలి. అంతే. అందుకు సుమారు 12 అడుగుల గోడ చాలు. నది వెడల్పుగా ఉన్నా మధ్యలో లంకలున్న చోటు, పక్కనే రాయి దొరికే చోటు ధవళేశ్వరం. అందుచేత ఒక్క పెద్ద పని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు చిన్న పనులైంది.

హద్దు అంటే తగ్గించడమే కాదు, కావలసినదేదీ వదలకపోవడం కూడా. గోడ ఒక్కటే కడితే రైతుకేం ఒరుగుతుంది? తూములు, లాకులు, కాలువలు, కరకట్టలు అన్నీ ఆ పనిలో భాగమే అన్నారాయన. 1847లో పని మొదలైంది. మధ్యలో జబ్బుచేసి ఆయన సెలవు మీద వెళ్తే కెప్టెన్ ఆర్ నడిపించారు. మన వీణం వీరన్నగారు కూలీలను కూడగట్టారు. ఏం కట్టాలో ముందే తేలింది గనకనే పని ఆగలేదనిపిస్తుంది. 1852కి ఆనకట్ట పూర్తయింది.

అయితే ఆయన ఊహలన్నీ ఇలా ఫలించలేదు. సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి కర్నూలు – కడప కాలువను ఆయన ప్రోత్సాహంతో ఒక లండను కంపెనీ తలపెట్టింది. సాగునీరూ కావాలి, పడవలూ నడవాలి, నెల్లూరు తీరం దాకా పోవాలి అనుకున్నారు. కాలువ కడపతో ఆగింది. నల్లరేగడిలో మెట్టపైర్లు వేసుకునే రైతులు అనుకున్నంతగా నీళ్ళడగలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. డెల్టాలో నీళ్ళ కోసం రైతు ఎదురుచూశాడు, అక్కడ రైతు కోసం నీళ్ళు ఎదురుచూశాయి! ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది ముందు తేలకపోతే ఎంతటి మేధావి తలపెట్టినా ఇంతే కదా.

1899లో కాటన్ కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ నేడు ఆయన పేరు మోస్తున్నది. మిత్రులారా! రేపు మనలో ఎందరో ఇంజనీర్లు, అధికారులు కాబోతున్నారు. ఏ పథకం మీదైనా సంతకం పెట్టే ముందు రెండు గీతలు గీద్దాం. ఒకటి చేయవలసినదాని చుట్టూ, రెండోది చేయకూడనిదాని చుట్టూ. ఆ గీతలు గీసేటప్పుడు పక్కన రైతును కూడా నిలబెట్టుకుందాం.