చలిజ్వరం గుట్టు తేలింది బేగంపేటలోనే

ఉప్పల్, నాచారం నుంచి తార్నాక మీదుగా సికింద్రాబాద్ దాటి బేగంపేట పోతే, పాత విమానాశ్రయం దగ్గర పాతకాలపు బంగళా ఒకటి కనిపిస్తుంది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. ఒకప్పుడు సైనిక ఆసుపత్రి. దోమకూ చలిజ్వరానికీ ఉన్న లంకె 1897లో అక్కడే బయటపడింది. కనుగొన్నవాడు డాక్టర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. కుర్రవాడికి పద్యాలు, బొమ్మలంటే మోజు. తండ్రి పట్టుబట్టి వైద్యం చదివించాడు. 1881లో భారత వైద్య సర్వీసులో చేరాడు.

చెడుగాలి వల్లే చలిజ్వరం వస్తుందని ఆనాటివారి నమ్మకం. రోగి నెత్తురులో పరాన్నజీవి ఉందని ఫ్రెంచి డాక్టర్ లావెరాన్ 1880లో చూశాడు. అది ఒంట్లోకి ఎలా చేరుతుందో తెలియదు. దోమను అనుమానించమని 1894లో లండన్‌లో మాన్సన్ అనే డాక్టర్ రాస్‌కు చెప్పాడు.

1895లో సికింద్రాబాద్ వచ్చిన రాస్ లెక్కలేనన్ని దోమలు కోసి చూశాడు. ఫలితం సున్నా. అవన్నీ వేరే జాతి దోమలు మరి! వేలు గుచ్చి నెత్తురు తీస్తామంటే జనం జడిసేవారు. నడుమ ఊటీ వైపు వెళ్లి తానే చలిజ్వరం తెచ్చుకున్నాడు.

1897 ఆగస్టు. ఉక్కపోత. పంకా లాగిస్తే దోమలు ఎగిరిపోతాయి. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి గోధుమరంగు దోమలను వదిలారు. కుట్టిన దోమకు అణా చొప్పున అతనికి పది అణాలు ముట్టాయి. లోకానికంతటికీ మేలు చేసిన నెత్తురు అంత చవగ్గా దొరికింది!

ఆగస్టు 20 నాటికి మిగిలినవి రెండే దోమలు. ఒకదాన్ని కోస్తే, కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. రోగి నెత్తురులోని పరాన్నజీవిలోనూ అవే రేణువులు. మర్నాడు రెండోదాన్ని కోస్తే ఆ కణాలు మరింత పెరిగి ఉన్నాయి. దోమలో బతికి పెరుగుతున్నాయన్నమాట. రాస్ ఆ సంబరాన్ని పద్యంగా రాసుకున్నాడు.

ఆ తర్వాత రాజపుతానాకు బదిలీ అయింది. అక్కడ చలిజ్వరమే అరుదు! 1898లో కలకత్తాలో పక్షుల మీద పరీక్షలు చేసి, దోమ లాలాజల గ్రంథుల్లోంచి పరాన్నజీవి ఒంట్లోకి దిగుతుందని తేల్చాడు. మనుషుల విషయంలో ఆ సంగతి రుజువు చేసింది ఇటలీవారు. ఘనత ఎవరిదన్న తగాదా చాలాకాలం సాగింది. నోబెల్ బహుమతి మాత్రం 1902లో రాస్‌కే దక్కింది.

ఆయన 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా ఇప్పటికీ పాటిస్తున్నారు.