ఒట్టో యెస్పర్సన్: పరభాషలో ప్రామాణికుడు

ఆంగ్ల వ్యాకరణానికి ప్రమాణ పురుషుడెవరని అడిగితే మన విద్యార్థులు సహజంగా ఏ ఆంగ్లేయుని పేరో తలపోస్తారు. కాని ఏడు సంపుటాల ఆంగ్ల వ్యాకరణానికి కర్త అయిన ఒట్టో యెస్పర్సన్ డెన్మార్కు దేశస్థుడు. ఆంగ్లం మనకువలెనే ఆయనకూ నేర్చుకొన్న భాష. మన పుస్తకాలలో జెస్పర్సన్ అని కనిపించే పేరు ఇదే. ఆ తొలి అక్షరం వారి భాషలో యకారంగా పలుకుతుంది.

ఆయన 1860 జూలై 16న రాండర్స్ పట్టణంలో న్యాయవృత్తికి పేరుపడిన కుటుంబంలో జన్మించాడు. పదేళ్ళ ప్రాయంలో తండ్రి, మరి కొద్ది ఏళ్ళకు తల్లి గతించారు. బాల్యంలోనే రాస్క్ అనే పూర్వ భాషావేత్త రచించిన వ్యాకరణాలను ఆధారం చేసుకొని తనంత తానుగా పరభాషలను అభ్యసించసాగాడు. 1877లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో కులవృత్తిని అనుసరించి న్యాయశాస్త్రంలో చేరినా మనస్సు అందులో నిలువలేదు. 1881లో ఆ చదువు విడిచి భాషల వైపు మరలాడు. భుక్తి కోసం పార్లమెంటులో షార్ట్‌హ్యాండ్ లేఖకుడుగా పనిచేశాడు. మనుష్యులు మాట్లాడే మాటను మాట్లాడినట్లే పట్టుకొనే అభ్యాసం ఆయనకు అక్కడనే అబ్బిందని మేము ఊహిస్తున్నాము. 1887లో పట్టా పొంది, ఇంగ్లండుకు వెళ్ళి హెన్రీ స్వీట్ వంటి పండితులను దర్శించి వచ్చాడు. 1893 మొదలు 1925 వరకు కోపెన్‌హాగెన్‌లో ఆంగ్లాచార్యుడుగా ఉన్నాడు.

ఆయన వ్యాకరణం మొదటి సంపుటం 1909లో వెలువడింది. కాలాలను గూర్చిన నాల్గవ సంపుటం 1931 నాటిది. మనం ప్రెజెంట్ కంటిన్యుయస్ అని వల్లించే రూపం అందులో విస్తృత కాలాలు, అనగా ఎక్స్‌పాండెడ్ టెన్సెస్ అనే వర్గంలో చేరింది. పేరులో అర్థాన్ని ఇరికించక రూపాన్ని మాత్రమే చెప్పడం ఆయన జాగ్రత్త. ఇక అర్థానికి ఆయన చూపిన ఉపమానం చట్రం. మేము తరగతిలో అడుగు పెట్టేసరికి విద్యార్థులు వ్రాస్తున్నారనుకొందాము. మా ప్రవేశం ఒక క్షణం. వారి వ్రాత ఆ క్షణానికి ముందే మొదలై దాని చుట్టూ చట్రంవలె నిలిచింది. వర్తమానంలోనైతే చట్రం మధ్యనున్నది మనం మాట్లాడుతున్న క్షణమే. ఈ రూపం ఎక్కడినుండి వచ్చిందంటే, వేటలో ఉన్నాడనే అర్థంగల హీ ఈజ్ ఆన్ హంటింగ్ అనే ప్రయోగం అరిగి అ-హంటింగ్ అయి, చివరకు ఆ అకారమూ జారిపోయి మిగిలినదే ఎక్కువ పాలు నేటి రూపమని ఆయన నిర్ణయం. చేస్తూ ఉన్నాడు అన్నది చేస్తున్నాడుగా మారిన మన భాషకు ఇది వింతగా తోచదు.

మరి మన పిల్లలు తడబడేది ఎందుకు? ఉర్దూ ఇంట పుట్టిన విద్యార్థి మైఁ జాన్‌తా హూఁ అనే వాక్యంలోని హూఁను యామ్‌గా మార్చి ఐ యామ్ నోయింగ్ అంటాడు. నిజానికి ఉర్దూలో జరుగుతున్న పనిని తెలిపేది రహా. హూఁ నిత్య విషయానికీ వస్తుంది. తెలుగు విద్యార్థి చిక్కు వేరు. మా అన్న బ్యాంకులో పనిచేస్తున్నాడన్న మాట, అన్న గాఢనిద్రలో ఉన్న అర్ధరాత్రి వేళ కూడా తెలుగులో సత్యమే. ఆంగ్లంలో స్థిరమైన ఉద్యోగానికి వర్క్స్ అంటారు. ఈజ్ వర్కింగ్ అంటే ఏదో తాత్కాలికమనే ధ్వని పుట్టవచ్చు. ఈ తప్పులు మందబుద్ధి లక్షణాలు కావు, ఇంటి వ్యాకరణం వేసిన ముద్రలు. అందుకు మార్కులు తగ్గించడం మా విధి కావచ్చు; పదిమందిలో నవ్వడం మాత్రం అధ్యాపక ధర్మం కాదు. ఆ నవ్వుకు జడిసి నోరు మూసుకొన్న విద్యార్థి తరువాత ఏ కాలంలోనూ మాట్లాడడు.

యెస్పర్సన్ 1904లో ఆంగ్లంలో వెలువడిన బోధనా గ్రంథంలో విడి వాక్యాల వల్లెవేతను నిరసించి, అర్థవంతమైన సంబంధం గల పాఠాల ద్వారా భాష నేర్పాలని వాదించాడు. వ్యాకరణ విషయంలోనూ శాసించుటకంటె గమనించుటే ఆయన పద్ధతి. ఇల్లు కట్టబడుతున్నదనుటకు పూర్వం ది హౌస్ ఈజ్ బిల్డింగ్ అనేవారు. ఈజ్ బీయింగ్ బిల్ట్ అనే రూపం 18వ శతాబ్ది చివర తలయెత్తగా, తరువాతి శతాబ్దిలో పెద్దలు ఎందరో దానిని అపభ్రంశమని ఈసడించారు. నేడు అదే మన పాఠ్యపుస్తకాలలో శుద్ధరూపం!

1928లో ఆయన నోవియల్ అనే అంతర్జాతీయ భాషను కూడా కల్పించాడు, అది నిలువలేదు. ఆంగ్లానికి ప్రయోగాలను చదువుతూ చీటీలపై ఎత్తి వ్రాసుకొనే పని మాత్రం ఆయన జీవితమంతా సాగింది. 1943 ఏప్రిల్ 30న, దేశం జర్మన్ల ఆక్రమణలో ఉండగా, రోస్కిల్డెలో ఆయన కన్నుమూశాడు. అసంపూర్ణంగా మిగిలిన ఏడవ సంపుటాన్ని సహాయకుడైన నీల్స్ హైస్లుండ్ పూర్తిచేయగా 1949లో అది అచ్చయింది.