ఊరి పేరే ఇంటిపేరు

ఊరి పేరు ఇంటిపేరవడం మన తెలుగువాళ్లకి కొత్తేం కాదు. 1837లో హంగరీలోని కపోష్వార్‌లో, పేద యూదుల ఇంట పుట్టిన మోరిట్జ్ కోన్ కూడా అదే చేశారు. వియన్నాలో చర్మవైద్యుడై, గురువు హెబ్రా కూతురు మార్తాని పెళ్లాడి, 1871లో కపోసిగా మారారు.

మరుసటేడు అయిదుగురు రోగుల ఒంటిమీది ముదురురంగు మచ్చలు, గడ్డల గురించి రాశారు. అరుదైన ఆ కేన్సర్‌కి తర్వాత ఆయన పేరే స్థిరపడింది. మైక్రోస్కోపులో కదురులాంటి కణాలు, వాటి మధ్య సన్నని చీలికల్లో ఎర్ర రక్తకణాలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఇంకో రూపంలో పెరిగి డాక్టర్లనే తికమకపెడుతుంది.

1902లో ఆయన పోయారు. దాని వెనకున్న వైరస్‌ని 1994లో భర్తతో కలిసి కనిపెట్టింది యువాన్ చాంగ్ అనే స్త్రీ అని తెలిసి, పెందుర్తిలో ఉన్న నాకూ గర్వమనిపించింది. మచ్చే కదా అని మనం ఊరుకుంటాం. కపోసి ఊరుకోలేదు!