పోత ఇనుమును లొంగదీసిన రోమూర్

జిన్నింగ్ మిల్లుల మధ్య పెరిగిన మనకు పోత ఇనుము గుణం తెలిసిందే. బరువు మోస్తుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. తెల్ల పోత ఇనుమైతే ఆకురాయికి కూడా లొంగదు. దాన్ని కాల్చి మెత్తబరిచే విద్యను శాస్త్రంగా రాసిపెట్టినవారు ఫ్రాన్సు దేశపు రోమూర్.

1683లో లా రోషెల్‌లో పుట్టారు. పాతికేళ్లకే, 1708లో, పారిస్ సైన్స్ అకాడమీలో చేరారు. లోకానికి ఆయన 80 డిగ్రీల థర్మామీటరు మనిషి, పురుగుల మీద ఆరు సంపుటాలు రాసిన మనిషి. ఇంజనీరుగా నాకు మాత్రం 1722లో అచ్చయిన ఇనుము పుస్తకమే గొప్పది.

పోత సామానును ఎముకల బూడిద లాంటి పొడిలో కప్పి, మూసిపెట్టి, రోజుల తరబడి ఎర్రగా కాల్చడం ఆయన పద్ధతి. తర్వాతివారు ఇనుప ఖనిజం పొడి వాడారు. అందులోని ఆక్సిజన్ పోతలోని కార్బన్‌ను లాగేస్తుంది, పెళుసుతనం తగ్గుతుంది. మన ఫౌండ్రీల్లో మాలియబుల్ కాస్టింగ్ అనే మాటకు మూలం ఇక్కడే ఉంది.

ఆ రోజుల్లో ఇలాంటి కిటుకులు తండ్రి కొడుక్కు తప్ప చెప్పేవాడు కాదు. ఈయన అంతా అచ్చు వేయించారు. రాజప్రతినిధి 12,000 లీవ్రుల భరణం ఇస్తే, తన తరువాత అది అకాడమీకే చెందాలని కోరారు. మెత్తని పోత సామాను తయారుచేసే వ్యాపారం మాత్రం నిలవలేదు.

ఇంకో ముచ్చట. కైరో నుంచి వచ్చిన హిందూదేశపు ఉక్కును సాగగొట్టగల పనివాడు ఆయనకు పారిస్‌లో దొరకలేదు! అలాంటి ఉక్కునే నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మర్లు మూసల్లో తీసేవారు, పర్షియా వర్తకులు వచ్చి కొనేవారు. వాళ్ల విద్య చేతుల్లోనే ఉండిపోయింది.

1757 అక్టోబరులో, 74వ ఏట, గుర్రం మీదనుంచి పడి రోమూర్ కన్నుమూశారు. రాతప్రతులు, ఖనిజాల సేకరణ అకాడమీకే రాసి ఇచ్చారు.