కాలిన్ చాప్‌మన్

ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్‌మన్ (మే 19, 1928 - డిసెంబర్ 16, 1982) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ మోటారు వాహన ఇంజనీరు, లోటస్ కార్ల సంస్థ స్థాపకుడు. తేలికపాటి స్పోర్ట్స్ కార్ల నిర్మాణంలో, ముఖ్యంగా చక్రాల అమరిక మరియు సస్పెన్షన్ విషయంలో, ఇతడు అనుసరించిన పద్ధతులు తరువాతి తరం ఇంజనీర్లకు మార్గదర్శకమైనవి. ఇతని జీవితకాలంలో టీమ్ లోటస్ ఫార్ములా వన్ పందేలలో ఏడుసార్లు నిర్మాతల ఛాంపియన్‌షిప్‌ను (1963, 1965, 1968, 1970, 1972, 1973, 1978) గెలుచుకొన్నది. ఆరుసార్లు లోటస్ చోదకులే ప్రపంచ విజేతలైనారు. అయితే లోటస్ కార్లు నడుపుతూ మరణించిన చోదకుల సంఖ్య కూడా తక్కువ కాదు. చాప్‌మన్‌ను గురించి వ్రాసేవారు ఈ రెండవ విషయాన్ని దాటవేయడానికి వీలులేదు.

బాల్యము, విద్య

చాప్‌మన్ లండను సమీపంలోని రిచ్‌మండ్‌లో జన్మించి, ఉత్తర లండనులోని హార్న్‌సీ ప్రాంతంలో పెరిగాడు. తండ్రి అక్కడ రైల్వే హోటల్ నడిపేవాడు. లండను యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగు, అంటే వంతెనలు, భవనాలు మొదలైన కట్టడాల నిర్మాణశాస్త్రం చదివాడు. విశ్వవిద్యాలయపు వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకొన్నాడు. మోటారు ఇంజనీరింగు కాక కట్టడాల శాస్త్రం చదవడం ఇతనికి మేలే చేసిందని చెప్పవచ్చు. కారు చట్రాన్ని చూసినప్పుడు ఏ కడ్డీ ఎంత బరువు మోస్తున్నది, ఏది మోయడం లేదు అన్న ప్రశ్న ఇతనికి సహజంగా తోచేది. కొంతకాలం బ్రిటిష్ అల్యూమినియం సంస్థలో ఉద్యోగం కూడా చేశాడు.

విద్యార్థిగా ఉన్నప్పుడే పాతకార్లు కొని అమ్మేవాడు. 1947 చివర ఇంగ్లండులో సాధారణ అవసరాలకిచ్చే పెట్రోలు రేషన్ నిలిపివేయడంతో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. అమ్ముడుపోక మిగిలిన 1930 నాటి ఆస్టిన్ సెవెన్ కారునే విప్పి, 1948లో పోటీ కారుగా తిరిగి కట్టాడు. ఇదే మొదటి లోటస్. ఈ పనికి స్థలం ఇచ్చినది హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇంటి వెనుకనున్న గ్యారేజి. 1952లో లోటస్ ఇంజనీరింగు సంస్థను ఆరంభించడానికి పెట్టుబడిగా 25 పౌండ్లు అప్పు ఇచ్చినది కూడా హేజెలే. 1954లో వీరి వివాహం జరిగింది. కారుకు తామరపువ్వు పేరు ఎందుకు పెట్టాడో చాప్‌మన్ ఎన్నడూ బయటపెట్టలేదు.

తొలి కార్లు - రెండుగా కోసిన ఇరుసు

ఆస్టిన్ సెవెన్ కారు ముందుభాగాన ఎద్దుబండికి ఉన్నట్లే ఈ చివరనుండి ఆ చివరకు ఒకే ఇరుసు, దానిపైన అడ్డంగా ఒక కమాను ఉండేవి. ఇటువంటి అమరికలో ఒక చక్రం గుంటలో పడితే ఇరుసు మొత్తం ఒరుగుతుంది, రెండవ చక్రం కూడా దానితోపాటు ఒరుగుతుంది. చాప్‌మన్ తన తొలి కార్లలో అనుసరించిన ఉపాయం చాలా చవకైనది. ఇరుసును నడిమికి రెండుగా కోసి, కోసినచోట ఒక్కొక్క ముక్కను చట్రానికి కీలుతో బిగించాడు. అప్పుడు ఏ చక్రం కదలిక ఆ చక్రానిదే అవుతుంది. 1952 నాటి లోటస్ మార్క్ సిక్స్‌లో కూడా ఫోర్డు ఇరుసును ఇలాగే కోసి వాడారు. సన్నని గొట్టాలను త్రిభుజాలుగా అతికించిన దాని చట్రం ఒక చిన్న వంతెనను పోలి ఉంటుంది.

ఈ ఉపాయంలో ఒక లోపం ఉన్నది. కీలు కారు మధ్యలో ఉన్నందువలన, చక్రం పైకి లేచినా క్రిందికి దిగినా దాని వాలు ఎక్కువగా మారిపోతుంది. అందుచేత 1956-57లో వచ్చిన లోటస్ ట్వెల్వ్ కారునుండి చాప్‌మన్ ఈ పద్ధతిని విడిచి, ప్రతి చక్రాన్ని పైన ఒక చేయి, క్రింద ఒక చేయి పట్టుకొనే విష్‌బోన్ అమరికకు మారాడు. మలుపులో కారు ఒరగకుండా అడ్డుకొనే కడ్డీనే పై చేతిలో ఒక భాగంగా ఉపయోగించాడు. ఒకే భాగం చేత రెండు పనులు చేయించడం ఇతని నిర్మాణాలన్నింటిలో కనిపించే లక్షణం.

చక్రాల కోణాలు - కొంత వివరణ

ఇక్కడ విద్యార్థుల కొరకు కొంత వివరణ అవసరం. ఊళ్ళలో వీల్ అలైన్‌మెంట్ అన్న బోర్డు తరచుగా కనిపిస్తుంది కాని, అక్కడ సరిచేసేది ఏమిటో తెలిసినవారు తక్కువ. కారును ముందునుండి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి గాని బయటికి గాని వాలి ఉండటాన్ని క్యాంబర్ అంటారు. పైనుండి చూసినప్పుడు ఎడమ, కుడి చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉంటే టో-ఇన్, ఎడంగా ఉంటే టో-అవుట్ అంటారు. ప్రక్కనుండి చూసినప్పుడు, స్టీరింగు త్రిప్పితే చక్రం ఏ అక్షం మీద తిరుగుతుందో ఆ అక్షం వెనుకకు వాలి ఉండటం క్యాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలును గమనిస్తే ఇది సులభంగా బోధపడుతుంది. మలుపు ముగిశాక స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడానికి ముఖ్యకారణం ఈ వాలే. టో తప్పితే టైర్లు త్వరగా అరిగిపోతాయి. ఎడమ, కుడి చక్రాల క్యాంబర్‌లో గాని క్యాస్టర్‌లో గాని తేడా వస్తే బండి ఒక ప్రక్కకు లాగుతుంది.

కారు నిలిచి ఉన్నప్పుడు ఈ కోణాలను సరిచేయడం కష్టమేమీ కాదు. టో సరిచేయడానికి స్టీరింగు కడ్డీల మరను కొద్దిగా త్రిప్పితే చాలు. అసలు సమస్య కారు కదిలినప్పుడు మొదలవుతుంది. మలుపులో కారు ప్రక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు క్రిందికి దిగుతుంది, ప్రతి కదలికకు కోణాలు మారుతాయి. తేలిక కారులో ఇది మరీ సున్నితమైన విషయం. నడిపే మనిషి ఎక్కి కూర్చుంటేనే దాని ఎత్తు మారుతుంది. అందుకే పందెపు కారును సరిచేసేవారు సీటులో చోదకుని అంత బరువు ఉంచి, ముందుగా టైర్ల గాలిని, కారు ఎత్తును సరిచూసి, తరువాత క్యాస్టర్, క్యాంబర్ సరిచేసి, టోను చివరకు వదులుతారు. క్యాంబర్ మార్చితే టో కూడా మారుతుంది కనుక ఈ వరుసను తారుమారు చేస్తే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

కోణాలు మారకుండా ఉండాలంటే స్ప్రింగులను బిగువుగా పెట్టి, చక్రాలను అసలు కదలనీయకూడదని ఆ కాలపు స్పోర్ట్స్ కార్ల నిర్మాతలు అనేకులు భావించేవారు. అలాంటి కారు గతుకుల మీద ఎగిరిపడుతుంది. గాలిలో ఉన్న టైరుకు రోడ్డు మీద పట్టు ఉండదు. చాప్‌మన్ దీనికి విరుద్ధమైన దారి పట్టాడు. స్ప్రింగులు మెత్తగా ఉండాలి, చక్రం ధారాళంగా పైకి క్రిందికి కదలాలి, కాని ఆ కదలిక అంతటిలోను చక్రం రోడ్డుకు సరియైన కోణంలో ఉండేటట్లు చేతుల పొడవులు, కీళ్ళ స్థానాలు లెక్కించాలి, ఊగిసలాటను అణచే పని షాక్ అబ్జార్బర్‌కు అప్పగించాలి. కారు తేలికగా ఉంటేనే ఇది సాధ్యం.

ఎలీట్, ఇలాన్

లోటస్ ట్వెల్వ్ కారు వెనుకభాగంలో మొదట వాడి, 1957 నాటి ఎలీట్ కారుతో పేరు పొందిన అమరికకు చాప్‌మన్ స్ట్రట్ అని పేరు వచ్చింది. పొడవైన స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే స్తంభంగా నిలబడతాయి. ఇంజను శక్తిని చక్రానికి చేర్చే ఇరుసే, చక్రం ప్రక్కకు జరగకుండా పట్టుకొనే చేయిగా కూడా పనిచేస్తుంది. ఎలీట్ శరీరం, చట్రం కలిసి ఒకటిగా గాజునార ప్లాస్టిక్‌తో చేయబడినవి. అందమైన కారే గాని, సంస్థకు లాభం తెచ్చిపెట్టలేదు.

1962లో వచ్చిన ఇలాన్ ఆ లోటు తీర్చింది. రాన్ హిక్‌మన్ రూపకల్పనలో వెలువడిన ఈ కారుకు వెన్నెముక వంటి ఉక్కు చట్రం ఉన్నది. ముందు చక్రాలకు విష్‌బోన్లు, వెనుక చక్రాలకు చాప్‌మన్ స్ట్రట్ వాడారు. ఇరుసులకు రబ్బరు కీళ్ళు పెట్టినందువలన అవి చక్రాన్ని ప్రక్కలకు పట్టుకోలేవు. అందుకని క్రింద వెడల్పైన విష్‌బోన్ అదనంగా చేర్చారు. తొలి ఇలాన్ బరువు 700 కిలోలకు లోపే (మన అంబాసిడర్ కారు బరువు టన్నుకు పైమాటే). దీని స్ప్రింగులు మెత్తనివి, అయినా మలుపులలో దీని పట్టు, స్టీరింగు స్పష్టత తరువాతి ఇంజనీర్లకు కొలబద్దలైనవి. 1989లో జపాను దేశపు మాజ్దా సంస్థ విడుదల చేసిన ఎంఎక్స్-5 కారుకు ఇలాన్ ప్రేరణ అన్నది సుప్రసిద్ధం.

పందెపు రంగంలో

1956లో వాన్‌వాల్ పందెపు కారు చట్రాన్ని, వెనుక సస్పెన్షన్‌ను చాప్‌మన్ రూపొందించి ఇచ్చాడు. ఆ జట్టే 1958లో తొలి నిర్మాతల ఛాంపియన్‌షిప్‌ను గెలిచింది. లోటస్ కారుకు తొలి గ్రాండ్ ప్రి విజయాన్ని 1960లో మొనాకోలో స్టిర్లింగ్ మాస్ అందించాడు. కొద్ది వారాలకే బెల్జియంలోని స్పా పందెం సందర్భంగా అదే మాస్ కారు చక్రం ఊడిపోయి అతని కాళ్ళు విరిగాయి. మైక్ టేలర్ కారు స్టీరింగు విరిగి అతడు తీవ్రంగా గాయపడ్డాడు. లోటస్ కార్లు పెళుసన్న అపకీర్తి అప్పటినుండి వెంటాడింది.

1962లో వచ్చిన లోటస్ 25 గొట్టాల చట్రానికి బదులు రేకుల పెట్టె వంటి మోనోకాక్‌తో కట్టినది. జిమ్ క్లార్క్ దీనితో 1963లో ప్రపంచ విజేత అయినాడు. 1965లో అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందేన్ని లోటస్ 38తో క్లార్క్ గెలిచాడు. ఆ పథంలో మలుపులన్నీ ఎడమవైపుకే ఉంటాయి. కనుక ఆ కారు శరీరం చక్రాల మధ్య సరిగా నడిమిలో కాక ఎడమకు జరిగి ఉండేటట్లు రెండువైపుల సస్పెన్షన్ చేతులను వేరువేరు పొడవులతో చేశారు. 1967లో లోటస్ 49 కారులో ఇంజనునే చట్రంలో భాగం చేసి, వెనుక సస్పెన్షన్‌ను ఇంజనుకు, గేరుపెట్టెకు తగిలించారు.

క్లార్క్ 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్ వద్ద ఫార్ములా టూ పందెంలో మరణించాడు. ఇతడు చాప్‌మన్‌కు అత్యంత ఆప్తుడు. ఆ సంవత్సరమే కార్లకు ఎత్తైన రెక్కలు వచ్చాయి. గాలి వీటిని క్రిందికి నొక్కుతుంది. లోటస్ వారు రెక్కను శరీరానికి కాక నేరుగా చక్రాలను పట్టుకొనే భాగాలకే తగిలించారు. అందువలన ఆ ఒత్తిడి స్ప్రింగులను కుంగదీయకుండా టైరుకే చేరుతుంది. ఆలోచన నిర్దుష్టమైనదే, కాని రెక్కను మోసే సన్నని కడ్డీలు ఆ భారానికి నిలువలేదు. 1969లో బార్సిలోనాలో గ్రాహం హిల్, జోకెన్ రింట్ నడిపిన రెండు కార్ల రెక్కలూ ఒకే పందెంలో విరిగి ప్రమాదాలు జరిగాయి. తరువాతి పందెం నాటికి అటువంటి రెక్కలను నిషేధించారు.

లోటస్ 72, రింట్ మరణము

1970లో వచ్చిన లోటస్ 72 చాప్‌మన్ విధానానికి పరాకాష్ట. స్ప్రింగులకు బదులు మెలిపడే కడ్డీలు వాడారు. బ్రేకు వేసినప్పుడు ముక్కు దిగకుండా, వేగం పెంచినప్పుడు వెనుకభాగం కుంగకుండా సస్పెన్షన్ కీళ్ళను ఏటవాలుగా అమర్చారు. కాగితం మీద ఇది చక్కని లెక్క. రోడ్డు మీద మాత్రం కారు సరిగా నడవలేదు, టైర్ల పట్టు ఎక్కడ సడలుతున్నదో చోదకునికి తెలిసేది కాదు. చాప్‌మన్ పట్టుదలకు పోకుండా కొద్ది వారాలలోనే ఆ వాలును తీసివేయించాడు. ఆపైన రింట్ హాలండు, ఫ్రాన్సు, బ్రిటన్, జర్మనీ పందేలను వరుసగా గెలిచాడు.

ఈ కారులో ముందు బ్రేకులు చక్రాల వద్ద కాక శరీరం లోపల ఉండేవి. చక్రంతోపాటు ఎగిరిపడే బరువు ఎంత తక్కువగా ఉంటే టైరు రోడ్డును అంత చక్కగా అనుసరిస్తుందన్నది దీనికి కారణం. బ్రేకునుండి చక్రానికి ఒక సన్నని ఇరుసు ఉండేది. 1970 సెప్టెంబర్ 5న ఇటలీలోని మోంజాలో అభ్యాస సమయంలో కుడివైపు ఇరుసు విరిగి, కారు ఎడమకు మళ్ళి కంచెను ఢీకొన్నది. రింట్ మరణించాడు. లోటస్ కార్ల భద్రతను గురించి తన ఆందోళనను ఇతడు చాప్‌మన్‌కు లేఖ ద్వారా అంతకుముందే తెలియజేసి ఉన్నాడు. కంచె సరిగా బిగించకపోవడం, రింట్ అన్ని బెల్టులు పెట్టుకోకపోవడం కూడా ఆ మరణానికి కారణాలే. ఇటలీలో విచారణ కొన్నేళ్ళు సాగి చాప్‌మన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఏమైనప్పటికీ, బరువు తగ్గించడానికి పెట్టిన ఇరుసు విరిగిందన్నది నిజం. ఆ సంవత్సరపు ఛాంపియన్‌షిప్ రింట్‌కు మరణానంతరం లభించింది. మరణానంతరం ఈ గౌరవం పొందినవాడు ఇతడొక్కడే.

చివరి సంవత్సరాలు

1977-78లో లోటస్ 78, 79 కార్ల ద్వారా కారు అడుగున గాలి ప్రవాహంతో కారును నేలకు అదిమే పద్ధతి వచ్చింది. మారియో ఆండ్రెట్టీ 1978 విజేత కాగా, సహచరుడు రోనీ పీటర్సన్ మోంజా ప్రమాదంలో గాయపడి మరునాడు మరణించాడు. ఈ పద్ధతికి కారు ఎత్తు స్థిరంగా ఉండాలి, అందుకు స్ప్రింగులు రాళ్ళవలె బిగువుగా ఉండాలి. మెత్తని స్ప్రింగులను నమ్మిన చాప్‌మన్‌కే ఈ చిక్కు ఎదురుకావడం విచిత్రం. గాలి ఒత్తిడిని మోయడానికి ఒక చట్రం, చోదకుని మోయడానికి మరొకటి పెట్టి 1981లో లోటస్ 88ని తెచ్చాడు. దానిని పోటీలకు అనుమతించలేదు. అప్పుడు పీటర్ రైట్ బృందం చేత, స్ప్రింగుల పనిని కంప్యూటరు ఆజ్ఞలతో నడిచే హైడ్రాలిక్ యంత్రాలు చేసే యాక్టివ్ సస్పెన్షన్ ప్రయోగాలు చేయించాడు.

ఇదే కాలంలో డెలోరియన్ కారు వ్యవహారం ఇతని పేరుకు మచ్చ తెచ్చింది. ఉత్తర ఐర్లండులో ఆ కారు తయారీకి ఇచ్చిన ప్రభుత్వ ధనంలో పెద్ద మొత్తం దారిమళ్ళినట్లు తేలింది. లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు 1992లో జైలుశిక్ష పడింది. చాప్‌మన్ బ్రతికి ఉంటే అంతకంటె పెద్ద శిక్ష పడేదని న్యాయమూర్తి అభిప్రాయపడ్డాడు.

చాప్‌మన్ 1982 డిసెంబర్ 16న గుండెపోటుతో 54వ ఏట మరణించాడు. యాక్టివ్ సస్పెన్షన్ అమర్చిన లోటస్ ఫార్ములా వన్ కారును స్నెటర్టన్ పథంలో మొదటిసారి నడిపి చూసినది కూడా ఆ రోజే. 1987లో ఆ పద్ధతి గల కారుతో ఐర్టన్ సెన్నా మొనాకోలో గెలిచాడు. 1994 నుండి ఫార్ములా వన్‌లో దానిని నిషేధించారు. 1957లో చాప్‌మన్ తయారుచేసిన లోటస్ సెవెన్ కారు హక్కులు 1973లో కేటర్‌హామ్ సంస్థకు చేరాయి. ఆ సంస్థ దానిని కొద్దిపాటి మార్పులతో తయారుచేస్తూనే వచ్చింది.