గడప దాటలేని స్త్రీల న్యాయవాది: కొర్నీలియా సొరాబ్జీ

న్యాయము కోరువారు న్యాయస్థానమునకు పోవలెననుట లోకమర్యాద. గడప దాటుటయే తప్పని భావింపబడిన స్త్రీకి ఆ న్యాయస్థానము ఉన్నను లేనట్లే. ఆమెను వంచించువాడు ఇంటివాడే యైనపుడు, ఆమె పక్షమున మాటాడగలవాడు అంతఃపురములోనికి రాజాలనపుడు, చట్టము అందని మ్రానిపండే గదా! ఈ కొరతను తీర్చుటకు తన జీవితమును వెచ్చించిన వనిత కొర్నీలియా సొరాబ్జీ.

ఆమె 1866 నవంబరు 15న నాసిక్ నగరమున జన్మించెను. తండ్రి పార్సీ కుటుంబమున పుట్టి క్రైస్తవమును స్వీకరించిన మతాచార్యుడు. తల్లి పూనాలో పాఠశాలలు స్థాపించిన విద్యావతి. బొంబాయి విశ్వవిద్యాలయ పట్టము పొందిన మొదటి స్త్రీ కొర్నీలియాయే. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైనను, ఇంగ్లండులో చదువుటకు లభింపవలసిన ప్రభుత్వ విద్యార్థివేతనము స్త్రీయను కారణముచే ఆమెకు దక్కలేదు. ఇంగ్లండులోని హితైషులు చందాలు కూర్పగా 1889లో ఆక్స్‌ఫర్డులోని సోమర్‌విల్ కళాశాలలో చేరెను. 1892లో అచట బి.సి.ఎల్. పరీక్షకు కూర్చున్న మొదటి స్త్రీ యయ్యెను. పరీక్ష నెగ్గినను పట్టము చేతికి వచ్చుటకు ముప్పదేండ్లు పట్టెను.

1894లో స్వదేశమునకు తిరిగివచ్చి, 1897లో బొంబాయి విశ్వవిద్యాలయపు ఎల్.ఎల్.బి. పరీక్షయు, 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్షయు నెగ్గెను. అయినను న్యాయవాదిగా చేర్చుకొనుటకు న్యాయస్థానములు సమ్మతింపలేదు.

ఆనాడు ఘోషా పాటించు సంపన్న కుటుంబములలో భర్త మరణించిన స్త్రీల స్థితి దయనీయము. ఎస్టేటు తమదే యైనను లెక్కలు దివానుల చేతిలో ఉండెడివి. తెర చాటునకు దస్తావేజు పంపి, అందేమున్నదో చెప్పకయే సంతకము చేయించుకొనుట సులభము. ఘోషా స్త్రీ వ్రాసియిచ్చిన పత్రము చెల్లవలెనన్నచో, ఆమె దానిని గ్రహించియే వ్రాసినదని లబ్ధి పొందినవాడే రుజువు చేయవలెనని న్యాయస్థానములు నిర్ణయించినవి. సూత్రము మంచిదే, కాని వంచింపబడితినని ఆమె ఎవరితో చెప్పుకొనవలెను? మైనరు వారసుడు మరణించినచో ఆస్తి దాయాదులకు పోవును గనుక, బిడ్డల ప్రాణములకును భయమే.

ఈ స్త్రీలకు స్త్రీయే న్యాయసలహాదారు కావలెనని కొర్నీలియా ప్రభుత్వమునకు పదేపదే విన్నవించెను. ఫలితముగా 1904లో బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్సునకు సహాయకురాలుగా నియమింపబడెను. మైనరుల ఎస్టేటులను సంరక్షించు ఈ సంస్థ మన ఆంధ్రదేశపు జమీందారీలకును పరిచితమే. బెంగాలు, బీహారు, ఒరిస్సా, అస్సాము ప్రాంతములలో రైలు, పడవ, పల్లకి, ఏది దొరికిన దానిపై పోయి ఆమె అంతఃపురముల ప్రవేశించెను. భరణము రానివారికి భరణము ఇప్పించెను. పత్రములు చదివి అర్థము చెప్పెను. బిడ్డల చదువులకు ఏర్పాటులు చేసెను. సుమారు ఇరువదేండ్లలో ఆరువందలకు పైగా స్త్రీలును, బాలురును ఆమె సాయము పొందిరి.

1921లో అలహాబాదు హైకోర్టు ఆమెను న్యాయవాదిగా అంగీకరించెను. 1923లో వెలువడిన చట్టము దేశమందలి స్త్రీలకెల్ల ఆ వృత్తిద్వారము తెరచెను. 1924లో కలకత్తాలో వృత్తి ప్రారంభించునాటికి ఆమె వయస్సు ఏబదియేడు. 1929లో విరమించి లండను చేరెను. 1954 జూలై 6న కన్నుమూసెను.

ఆమె యభిప్రాయములన్నియు మనకు సమ్మతములు కావు. స్వాతంత్ర్యోద్యమమును ఆమె వ్యతిరేకించెను. భారతసమాజమును నిందించిన కాథరిన్ మేయో గ్రంథమును సమర్థించి స్వజనులకు దూరమయ్యెను. ఆమె సేవ ముఖ్యముగా ఎస్టేటులుగల కుటుంబములకే అందెను. పూరిగుడిసెలో దెబ్బలు తిను ఇల్లాలు కోర్ట్ ఆఫ్ వార్డ్సు పరిధిలోనిది కాదు.

ఆ ఇల్లాలికిని రక్షణ కల్పించు గృహహింస నిరోధక చట్టము 2005లో వచ్చి, 2006 అక్టోబరు నుండి అమలైనది. బాధితురాలి పక్షమున నిలుచుటకు రక్షణాధికారులను నియమింపవలెనని అది విధించుచున్నది. న్యాయమే బాధితురాలి కడకు పోవలెనను ఈ తలంపునే కొర్నీలియా నూరేండ్ల క్రిందట ఆచరించి చూపెను. చట్టము నేడు మన చేత నున్నది. పొరుగింటి ఏడుపు విని అది వారి ఇంటి గొడవ యని తలుపు మూసికొనక, ఆమెకు దారి చూపుట చదువుకొన్న మన విధి.