రహస్య వార్తాహరి నూర్ ఇనాయత్ ఖాన్

యుద్ధభూమిలో నిలిచిన సైనికుడికి చేతిలో ఆయుధం, ఒంటిమీద యూనిఫారం, పక్కన తోటి సైనికులు ఉంటారు. శత్రువుకు చిక్కినా యుద్ధఖైదీగా అతనికి కొన్ని హక్కులుంటాయి. మారుపేరుతో శత్రువుల నడుమ మసలే రహస్య ఉద్యోగికి ఇవేవీ ఉండవు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో గూఢపురుషులను వర్ణిస్తూ విద్యార్థి, సన్యాసి, గృహస్థు, వర్తకుడు, తాపసి మొదలైన వేషాలను పేర్కొన్నాడు. వేషం ఏదైనా దానికి ఆధారం ఒక్కటే. నిద్రలో పేరు పెట్టి పిలిచినా మారుపేరుకే పలకాలి. అబద్ధాన్ని నిజమన్నంత సహజంగా జీవించాలి.

అబద్ధమాడటం మహాదోషమని నేర్పిన ఇంట్లో పెరిగిన ఒక యువతి ఈ వృత్తిలోకి అడుగుపెట్టింది. ఆమె పేరు నూరున్నీసా ఇనాయత్ ఖాన్. రెండవ ప్రపంచయుద్ధకాలంలో నాజీల అధీనంలో ఉన్న ఫ్రాన్సుకు బ్రిటిష్ రహస్య సంస్థ పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె.

నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో సంగీతవిద్వాంసుల కుటుంబంలో జన్మించాడు. బరోడాలో సంగీత పాఠశాల నెలకొల్పిన మౌలాబక్ష్ ఆయనకు మాతామహుడు. మౌలాబక్ష్ భార్య మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ వంశానికి చెందినది. ఇనాయత్ ఖాన్ జీవితం మలుపు తిరిగింది మాత్రం మన హైదరాబాదులోనే. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయన వీణావాదనాన్ని, గానాన్ని విని ఆదరించాడు. ఆ నగరంలోనే ఆయన సయ్యద్ అబూ హాషిమ్ మదనీ అనే సూఫీ గురువుకు శిష్యుడయ్యాడు. గురువు ఆదేశం మేరకు సంగీతాన్ని, సూఫీతత్వాన్ని పాశ్చాత్య దేశాలకు అందించాలని 1910లో అమెరికాకు ప్రయాణమయ్యాడు. అక్కడ పరిచయమైన ఓరా రే బేకర్ అనే అమెరికన్ యువతిని వివాహం చేసుకున్నాడు. ఆమె అమీనా బేగంగా పేరు మార్చుకుంది. ఆ దంపతుల పెద్దకూతురు నూర్ 1914 జనవరిలో మాస్కో నగరంలో జన్మించింది. ఆమె తరువాత ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు కలిగారు.

కొన్నేళ్లు లండన్‌లో గడిపిన ఆ కుటుంబం 1920లో ఫ్రాన్సుకు తరలి, అనంతరం పారిస్ సమీపంలోని సురేన్ అనే ఊరిలో స్థిరపడింది. వారి ఇంటికి ఫజల్ మంజిల్ అని పేరు. సాధుసంతులు, సంగీతజ్ఞులు వచ్చిపోయే ఆ ఇంటి నడుమ అహింస, సత్యం, సర్వమత సమభావం పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బాయి. అయితే ఆ నిశ్చింత ఎంతోకాలం సాగలేదు. స్వదేశానికి వెళ్లిన ఇనాయత్ ఖాన్ 1927 ఫిబ్రవరిలో ఢిల్లీలో కన్నుమూశాడు. భర్తృవియోగంతో తల్లి గదిదాటి బయటకు రాని స్థితికి చేరుకుంది. పదమూడేళ్ల నూర్ మీద ఇంటి బాధ్యత పడింది. తమ్ముళ్లకు, చెల్లెలికి ఆమెయే తల్లి అయింది.

ఆ భారం మోస్తూనే నూర్ సోర్బోన్ విశ్వవిద్యాలయంలో బాలల మనస్తత్వశాస్త్రం చదివింది. పియానో, హార్ప్ వాద్యాలు అభ్యసించింది. పిల్లల కథలు రచించి రేడియోకు, పత్రికలకు పంపింది. బుద్ధుని పూర్వజన్మ కథల నుంచి ఇరవైని ఎంచి ఆమె ఆంగ్లంలో చెప్పిన జాతకకథల పుస్తకం 1939లో లండన్‌లో వెలువడింది. వేటగాళ్ల నుంచి తన పరివారాన్ని కాపాడటానికి ఒక వానరరాజు తన శరీరాన్నే వంతెనగా పరచి, దాని మీదుగా అందరినీ దాటించి ప్రాణం విడిచిన కథ అందులో ఉంది. ఆ కథనే చూపి ఆమె భవిష్యత్తు అందులో రాసి ఉన్నదని చెప్పేవారున్నారు. అటువంటి జోస్యం కంటె, ఆ కథ ఆమె మనసుకు ఎందుకు నచ్చిందన్నదే మనం గమనించదగిన విషయం.

1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. సముద్రం దాటి ఇంగ్లండ్ చేరిన ఆ కుటుంబంలో నూర్, ఆమె తమ్ముడు విలాయత్ ఒక ధర్మసంకటాన్ని ఎదుర్కొన్నారు. అహింసను నమ్మినవారు యుద్ధంలో పాల్గొనవచ్చునా? అన్యాయం ఎదుట ఊరక కూర్చోవడం కూడా హింసతో సమానమేనని అక్కాతమ్ముళ్లు నిర్ణయించుకున్నారు. అదే ఏడాది నవంబరులో నూర్ మహిళా వైమానిక సహాయకదళంలో చేరి వైర్‌లెస్ శిక్షణ పొందింది. అధికారిగా ఎంపికకు జరిగిన ఇంటర్వ్యూలో ఆమెను భారత స్వాతంత్ర్యోద్యమం గురించి ప్రశ్నించారు. యుద్ధం ముగిశాక తన దేశ స్వాతంత్ర్యం కోసం నిలబడతానని ఆమె దాచకుండా చెప్పింది. ఉద్యోగమిచ్చే బ్రిటిష్ అధికారుల ఎదుట అంత నిర్భయంగా నిజం పలికిన వ్యక్తి రహస్యోద్యోగానికి పనికివస్తుందా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది.

ఆ సందేహం శిక్షకులకూ కలిగింది. ఆక్రమిత దేశాలలో ప్రతిఘటనోద్యమాలకు తోడ్పడేందుకు బ్రిటన్ 1940లో ఒక ప్రత్యేక రహస్యసంస్థను స్థాపించింది. ఫ్రెంచి భాష మాతృభాషలా మాట్లాడగల నూర్‌ను ఆ సంస్థ 1943 ఫిబ్రవరిలో తీసుకుంది. గెస్టపో అధికారుల వేషం వేసుకుని అర్ధరాత్రి నిద్రలేపి నిర్వహించే నమూనా విచారణలో ఆమె భయంతో వణికిపోయింది. ఆమె స్వభావం అతి సున్నితమని, తెలివి అంతంతమాత్రమని ఒక శిక్షకుడు నివేదించాడు. ఫ్రెంచి విభాగాధిపతి మారిస్ బక్‌మాస్టర్ ఆ నివేదికను తోసిపుచ్చాడు. అందుకు కారణం కేవలం నమ్మకం కాదు, అవసరం కూడా. పారిస్‌లో వైర్‌లెస్ ఆపరేటర్లు తక్కువయ్యారు. బయలుదేరే ముందు విభాగంలోని అధికారిణి వేరా ఆట్కిన్స్ ఆమెను కలుసుకుని, ఇష్టం లేకపోతే నిందపడకుండా తప్పుకోవచ్చునని అవకాశమిచ్చింది. నూర్ వెనుకంజ వేయలేదు. విమానాశ్రయంలో వేరా తన దుస్తులకు పెట్టుకున్న వెండిపిట్ట బ్రూచిని తీసి ఆమెకిచ్చింది.

1943 జూన్ 16వ తేదీ రాత్రి వెన్నెలలో ఒక చిన్న లైశాండర్ విమానం ఆంజే పట్టణం దగ్గరి పొలంలో దిగింది. అందులోంచి దిగిన నూర్‌కు జాన్ మారీ రెనియే అనే పేరుతో దొంగ గుర్తింపుపత్రాలు ఉన్నాయి. వాటి ప్రకారం ఆమె వృత్తి పిల్లల సంరక్షణ. సంస్థలో ఆమె సంకేతనామం మాదలీన్.

వైర్‌లెస్ ఆపరేటర్ పని ఎంత ప్రమాదకరమో ఇక్కడ కొంత వివరించాలి. సూట్‌కేసులో అమర్చిన యంత్రం బరువు సుమారు 15 కిలోలు. దానితో వీధిలో నడుస్తుంటే ఏ పోలీసు ఆపి పెట్టె తెరవమన్నా కథ ముగిసినట్లే. సందేశం పంపడానికి పొడవైన ఏరియల్ తీగను చెట్టుకో కిటికీకో కట్టాలి. తీగ బయటివారికి కనపడకూడదు. మీటను నొక్కగానే తరంగాలు లండన్‌కే గాక జర్మన్ల శోధకయంత్రాలకూ చేరతాయి. సాధారణ వ్యాపారవాహనాల్లా కనిపించే వారి బళ్లు వీధివీధినా తిరుగుతూ ఆ తరంగాలు పుట్టే ఇంటిని నిమిషాల వ్యవధిలో గుర్తించగలవు. అందుచేత ఒకేచోట ఎక్కువసేపు పనిచేయరాదు, మాటిమాటికీ ఇల్లు మారాలి. ఆనాడు ఫ్రాన్సులో వైర్‌లెస్ ఆపరేటర్ ఆరు వారాలు పట్టుబడకుండా ఉంటే గొప్ప అని చెప్పుకొనేవారు.

తొలినాళ్లలో నూర్ పొరపాట్లు చేసింది. టీ కాచేటప్పుడు ఆంగ్లేయుల పద్ధతిలో కప్పులో ముందు పాలు పోయడం చూసి ఆతిథ్యమిచ్చినవారు హెచ్చరించారు. గ్రిన్యాన్ వ్యవసాయ కళాశాలలో రహస్యపత్రాలున్న సంచిని వసారాలోనే వదిలివేసిందని కూడా జీవితచరిత్రకారులు రాశారు. అలవాట్లు నేర్చుకునే వ్యవధి కూడా ఆమెకు దక్కలేదు. ఆమె వచ్చిన వారం రోజులకే, జూన్ 24న, పారిస్‌లోని రహస్యబృంద నాయకుడు ఫ్రాన్సిస్ సుటిల్ అరెస్టయ్యాడు. ఆ తరువాత గొలుసులోని కడియాలు ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. తోటి ఆపరేటర్లు, ఆశ్రయమిచ్చిన కుటుంబాలు, ఆయుధాలు దాచిన రైతులు వందలాదిగా జర్మన్ల చేతికి చిక్కారు.

వెంటనే తిరిగివచ్చేయమని లండన్ సూచించింది. నూర్ అంగీకరించలేదు. తాను వెళితే పారిస్‌కు, లండన్‌కు మధ్య వార్త చేరవేసేవారు ఉండరని, తన స్థానంలో మరొకరు వచ్చేవరకు కదలనని తెలియజేసింది. భయస్థురాలని శిక్షకులు అంచనా వేసిన యువతి అటుపై మూడునెలలకు పైగా నగరమంతా తిరుగుతూ సందేశాలు పంపింది. జుట్టుకు రంగులు మార్చింది. చిన్ననాటి స్నేహితుల తలుపులు తట్టి, సురేన్‌లో పాత పరిచయస్థుల ఇళ్ల నుంచి కూడా పనిచేసింది. పుట్టింటి వంటి ఊరిలో ఆశ్రయం సులభంగా దొరికేది. అయితే అక్కడ ఆమె అసలు పేరు ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒకమారు ఆమె చెట్టుకు తీగ కడుతుండగా ఒక జర్మన్ సైనికాధికారి చూసి, రేడియో పాటల కోసమేమో అనుకొని తానే సాయం చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది జరిగినా జరగకపోయినా, ఆమె రోజులు గడిచిన తీరును మాత్రం ఆ కథ సరిగానే పట్టుకుంది.

ఆమెను వెనక్కి తెచ్చే ఏర్పాట్లు జరుగుతున్న సమయంలోనే ద్రోహం జరిగింది. ఆమె ఆచూకీని ఎవరో డబ్బుకు అమ్మారు. 1943 అక్టోబరు నడుమ ఒకనాడు గదిలోకి వచ్చిన ఆమెను లోపల పొంచి ఉన్న మనిషి పట్టుకున్నాడు. ఆమె అతని చేతిని రక్తం వచ్చేలా కొరికి పెనుగులాడింది. ఆవెన్యూ ఫోష్ లోని జర్మన్ భద్రతావిభాగ కార్యాలయానికి చేర్చిన కొద్దిసేపటికే స్నానాలగది కిటికీలోంచి పైకప్పు మీదికి పాకింది. పట్టుబడింది. నవంబరు 25 రాత్రి మరి ఇద్దరు ఖైదీలతో కలిసి మళ్లీ పైకప్పు దారిన తప్పించుకుంది. అదే సమయానికి విమానదాడి సైరన్ మోగడం, గదులు తనిఖీ చేయడం వారి పాలిట శాపమయింది. ఇక పారిపోనని వ్రాసి సంతకం చేయమన్నారు. ఆమె నిరాకరించింది. సంతకం పెట్టి ఆ తరువాత పారిపోవచ్చునన్న ఉపాయం గూఢచారికి తట్టవలసినదే. చేయని ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టడానికి మాత్రం ఆమె చెయ్యి రాలేదు.

విచారణలో ఆమె తన సహచరుల గురించి ఏమీ చెప్పలేదని ఆ కార్యాలయాధిపతి హాన్స్ కీఫర్ యుద్ధానంతరం వాంగ్మూలమిచ్చాడు. ఆమె చెప్పని విషయాలను ఒక నోటుపుస్తకం చెప్పింది. పంపిన సందేశాలన్నింటినీ ఆమె అందులో వ్రాసి భద్రపరచింది. సందేశాల ఫైలింగ్ విషయంలో మెలకువగా ఉండమని లండన్ ఇచ్చిన ఆదేశాన్ని ఆమె దాచి ఉంచడమన్న అర్థంలో గ్రహించిందని పరిశోధకులు భావిస్తారు. ఆ పుస్తకం ఆధారంగా జర్మన్లు ఆమె పేరిట, ఆమె పద్ధతిలో లండన్‌కు సందేశాలు పంపడం మొదలుపెట్టారు. లండన్ నమ్మింది. 1944 ఫిబ్రవరి చివర, ఆ మాయాసందేశాలు చూపిన పొలంలోనే ముగ్గురు ఏజెంట్లను పారాషూట్లతో దించింది. కింద స్వాగతం పలికినవారు జర్మన్లు. ఆ ముగ్గురిలో ఒకడు ఫ్రాన్స్ ఆంతెల్మ్, ముందటి ఏడాది నూర్‌తో కలిసి గ్రిన్యాన్‌లో పనిచేసినవాడు. మరొకరు మాదలీన్ దామెర్మాన్ అనే యువతి.

ఈ నష్టంలో నూర్ వంతు లేదనడం చరిత్రకు న్యాయం కాదు. నెపమంతా ఆమె మీద మోపడం అంతకంటె పెద్ద అన్యాయం. పట్టుబడిన వేరొక ఆపరేటర్ పేరుతో వచ్చిన సందేశంలో భద్రతాసంకేతం లోపించినప్పుడు, అది ప్రమాదసూచన అని గ్రహించక, మరచిపోయినందుకు అతనినే మందలించిన ఘనత లండన్ కార్యాలయానిది. కుర్చీలలో కూర్చున్నవారి అజాగ్రత్తకు మూల్యం పొలాలలో దిగినవారు చెల్లించారు.

1943 నవంబరు చివర నూర్‌ను జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైలుకు తరలించారు. జాడ తెలియకుండా మాయం చేయవలసిన ఖైదీల జాబితాలో చేర్చి, కాళ్లకు చేతులకు సంకెళ్లు వేసి, ఏకాంతగదిలో ఉంచారు. పక్కగదులలోని ఫ్రెంచి మహిళలు అన్నపుగిన్నెల అడుగున గీతలతో అక్షరాలు గీసి ఆమెతో మాట్లాడేవారు. ఆమె ఉన్నదన్న సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది వారి వల్లనే. దాదాపు పది నెలల తరువాత, మరి ముగ్గురు మహిళా ఏజెంట్లతో పాటు ఆమెను డాకౌ నిర్బంధశిబిరానికి తీసుకుపోయారు. 1944 సెప్టెంబరు 13 తెల్లవారుజామున ఆ నలుగురినీ కాల్చి చంపారు. యోలాండ్ బీక్‌మాన్, ఎలియాన్ ప్లూమాన్ ఇద్దరు. మూడవ ఆమె, నూర్ పేరిట వెళ్లిన దొంగసందేశాన్ని నమ్మి పారాషూట్‌తో దిగిన మాదలీన్ దామెర్మాన్. ఆ చివరి రాత్రి వారిద్దరికీ ఆ సంగతి తెలిసిందో లేదో చెప్పగలిగినవారు ఎవరూ మిగలలేదు.

యుద్ధం ముగిశాక వేరా ఆట్కిన్స్ తాను సాగనంపిన ఏజెంట్లను వెతుకుతూ జర్మనీ అంతటా తిరిగింది. నూర్ మరొక శిబిరంలో మరణించిందని మొదట పొరబడి, ఫోర్జ్‌హైమ్ ఖైదీల సమాచారం అందిన తరువాత 1947లో ఆ లెక్క సరిచేసింది. ఫ్రాన్సు ప్రభుత్వం క్రువా ద గేర్ పతకాన్ని, 1949లో బ్రిటన్ జార్జి క్రాస్‌ను ఆమెకు మరణానంతరం ప్రదానం చేశాయి. 2012 నవంబరులో లండన్‌లోని గోర్డన్ స్క్వేర్ తోటలో ఆమె శిల్పాన్ని ఆవిష్కరించారు. ఆ తోటకు దగ్గరలోని టావిటన్ వీధిలో, ఫ్రాన్సు ప్రయాణానికి ముందు ఆమె ఇల్లుగా చెప్పుకున్న నాలుగవ నంబరు భవనానికి 2020 ఆగస్టులో నీలిరంగు స్మారకఫలకం అమర్చారు. దాని మీద ఆమె అసలు పేరుతో పాటు మాదలీన్ అన్న సంకేతనామం కూడా చెక్కి ఉంది.